యంత్రం చెప్పే ఫ్రెంచి పాఠం

గురువు లేని ఊరిలో పరభాష నేర్వగోరేవారి అవస్థ చిరకాలంగా ఉన్నదే. 1901లో లండన్‌లో లింగ్వాఫోన్ సంస్థ వెలసి, గురువు కంఠాన్ని ధ్వనిముద్రికలోకి ఎక్కించి ఇంటింటికీ పంపసాగినప్పుడు ఆ అవస్థ కొంత తీరింది. 1960లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థ పుట్టింది. తరువాతి సంవత్సరాలలో అందులో ఫ్రెంచి పాఠాలు కూడా చేరాయి. ధ్వనిముద్రిక మాట్లాడుతుందే కాని విద్యార్థి మాటను అందుకోలేదు. కంప్యూటరు అతని జవాబును అందుకొని తప్పొప్పులు చెప్పగలిగింది. ఆ తరువాత క్యాసెట్లు వచ్చాయి, సీడీలు వచ్చాయి, ఇప్పుడు పాఠం చేతిలోని ఫోన్‌లోనే ఉంటున్నది. 2012లో డ్యుయోలింగో అందరికీ అందుబాటులోకి వచ్చాక పైకం చెల్లించకుండానే తొలిపాఠాలు చదివే వీలు అసంఖ్యాకులకు కలిగింది. ఇటీవలి కృత్రిమ మేధా సాధనాలైతే ఫ్రెంచిలో అడిగిన ప్రశ్నకు ఫ్రెంచిలోనే బదులిస్తున్నాయి.

ఇంత జరిగినా, యంత్రం వద్ద భాష నేర్వడమేమిటని పెదవి విరిచే పెద్దలు ఉన్నారు. భాష గురుముఖతః రావాలన్నది వారి వాదం. అందులో బలం లేకపోలేదు. అయితే ఆ మాట అనేవారిలో ఎక్కువమంది మహానగరవాసులు. హైదరాబాదులో అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఉంది. నిర్మల్‌లోనో, పలాసలోనో, మదనపల్లెలోనో చదువుకుంటున్న విద్యార్థినికి కళాశాల వదిలాక నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఫ్రెంచి అధ్యాపకుడు ఎక్కడ దొరుకుతాడు? ఆమెకు ఫ్రెంచి ఎందుకని అడిగేవారు కూడా ఉంటారు. ఐక్యరాజ్యసమితి ఆరు అధికార భాషలలో ఫ్రెంచి ఒకటి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలోను, ఆఫ్రికాలోని సెనెగల్ వంటి దేశాలలోను అది పాలనాభాష. పైచదువులకు ఫ్రాన్సు వెళ్ళదలచిన వారికి దాని అవసరం చెప్పనక్కరలేదు. ఇవేవీ కాకపోయినా, ఒక నవలను మూలంలోనే చదవాలన్న కోరిక చాలదా? యంత్రాన్ని తోసిపుచ్చడమంటే ఆ విద్యార్థిని ముఖం మీద తలుపు మూయడమే.

యంత్రం అవసరాన్ని ఒప్పుకున్న తరువాత అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ఆ యంత్రం ఫ్రెంచిని ఏ భాష మీదుగా చెబుతున్నది? ఆ దారిలో నడిచే తెలుగు విద్యార్థి చేతిలో ఉన్నదేదైనా జారవిడుచుకుంటున్నాడా?

ముందుగా యంత్రం చేసే మేలును గుర్తించాలి. జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో ప్రకటించిన గ్రంథంలో మరపు తీరును కొలిచి చూపాడు. నేర్చినది మొదటి గంటలలో వేగంగా, ఆపై నెమ్మదిగా జారిపోతుంది. అది పూర్తిగా జారిపోకముందే మళ్ళీ మళ్ళీ వల్లె వేస్తే నిలుస్తుంది. ఆ వల్లెవేతల నడుమ ఎడం క్రమంగా పెరుగుతూ పోవాలి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అట్టపెట్టెలో గదులు చేసి, వచ్చిన మాట చీటీని వెనుక గదికి, రాని మాట చీటీని ముందు గదికి మార్చే పద్ధతిని ప్రచారం చేశాడు. 1987లో పోలండ్‌లో రూపొందిన సూపర్‌మెమో, 2006లో వచ్చిన ఆంకీ ఆ పనినే కంప్యూటరుకు అప్పగించాయి. ఏ విద్యార్థికి ఏ మాట ఏ రోజున మరపునకు రాబోతున్నదో అంచనా కట్టి ఆ రోజునే అడిగే ఓపిక, అరవైమంది కూర్చున్న తరగతిలో ఏ అధ్యాపకునికీ ఉండదు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

ఫ్రెంచి లింగవ్యవస్థ వంటి చోట ఈ ఓపికే శరణ్యం. తెలుగులో రాయికి, బల్లకు, పుస్తకానికి లింగం గొడవ లేదు. ఫ్రెంచిలో బల్ల స్త్రీ, పుస్తకం పురుషుడు. హిందీ తెలిసినవారు తమకు దారి దొరికిందనుకుంటారు. ‘మేజ్’ అక్కడా స్త్రీలింగమే, ‘కుర్సీ’ అక్కడా స్త్రీలింగమే. కాని ‘కితాబ్’ దగ్గర హిందీ స్త్రీలింగమంటే ఫ్రెంచి పురుషలింగమంటుంది. పదాంతాన్ని బట్టి కొన్ని సూత్రాలు ఉన్నా, ప్రతి మాటనూ దాని ఉపపదంతో కలిపి కంఠస్థం చేయక తప్పదు. అలుపెరుగని యంత్రానికి ఇది తగిన పని.

చిక్కంతా చెవి దగ్గర, నాలుక దగ్గర మొదలవుతుంది. మన విద్యార్థులు వాడే పాఠాలలో అధికభాగం ఇంగ్లీషు తెలిసినవారిని దృష్టిలో ఉంచుకొని కూర్చినవి. ఇంగ్లీషు వారికి ఏది కష్టమో అదే కష్టమని, వారికి ఏది సులువో అదే సులువని అవి భావిస్తాయి. ఫ్రెంచివారి త, ద ధ్వనులు నాలుక కొన పై పళ్ళను తాకగా పుట్టేవి. అవి మన త, దలే. పదం మొదట వచ్చే క, త, పలను ఇంగ్లీషువారు కొంత ఒత్తి పలుకుతారు. ఫ్రెంచివారు మనవలెనే ఒత్తకుండా పలుకుతారు. లండన్ విద్యార్థి నెలల తరబడి శ్రమించి సాధించవలసిన ఈ ఉచ్చారణ తెలుగు బిడ్డకు ఉగ్గుపాలతో అబ్బింది. అయినా ఏం జరుగుతున్నది? రోమన్ అక్షరం కంటపడగానే ఇంగ్లీషు అలవాటు చొప్పున ‘ట’ అని, ‘డ’ అని నాలుక మడత పడుతుంది. బల్లకు ఫ్రెంచివారు ‘తాబ్ల్’ అంటే, మన విద్యార్థి ‘టాబ్ల్’ అంటాడు. మాట గుర్తుపట్టగలిగితే చాలు కనుక యంత్రం తరచు దాన్నీ ఒప్పుకొని ఆకుపచ్చ గుర్తు వేసి ముందుకు సాగిపోతుంది.

అనునాసికాచ్చుల సంగతి ఇంతకంటె ఆసక్తికరం. ఫ్రెంచిలో ‘బో’ అంటే అందమైన, ‘బోఁ’ అంటే మంచి. రెండవ దానిలో ‘న్’ అనే హల్లు లేదు, ‘మ్’ లేదు, అచ్చే ముక్కుగుండా పలుకుతుంది. దీనిని వివరించడానికి ఇంగ్లీషు పాఠాలు చాలా తంటాలు పడతాయి. ప్రాచీన పద్యాలలో వాఁడు, వీఁడు, చేఁత అని అరసున్న చూసిన తెలుగు విద్యార్థికి ఒక్క మాట చాలు. మన నోట ఎన్నడో మాసిపోయి రాతలో మాత్రమే మిగిలిన ఆ అరసున్న పలుకుబడి ఫ్రెంచివారి నోట నేటికీ సజీవంగా ఉంది. అక్షరం చెక్కుచెదరకుండా మన పుస్తకాలలో ఉండగా, దాని ధ్వని కోసం కంప్యూటరుకు చెవి ఒగ్గి కూర్చోవడం ఒక వింత. కంఠంలో పుట్టే ఫ్రెంచి రేఫ కూడా ఇటువంటిదే. మన ‘ర’తో దానికి పొత్తు లేదు. కాని ‘గజల్’, ‘గరీబ్’ అనే మాటలను ఉర్దూవారు పలికినప్పుడు వినిపించే తొలి ధ్వనికి అది ఎంతో దగ్గర. హైదరాబాదు విద్యార్థి పొరుగింటి మిత్రుని అడిగితే సరిపోతుంది.

వ్యాకరణంలోకి వెళితే సంధి ఉంది. ఫ్రెంచిలో పదాంత హల్లులు చాలావరకు రాతలోనే ఉంటాయి, నోట పలకవు. బహువచనంలో ‘లే’ అనే ఉపపదం చివర ఒక సకారం నిద్రపోతూ ఉంటుంది. పక్కన అచ్చుతో మొదలయ్యే ‘అమీ’ వచ్చి చేరగానే అది మేల్కొని ‘లేజామీ’ అవుతుంది. మిత్రులు అని అర్థం. ఇంగ్లీషు పాఠం దీనిని విచిత్రమైన మినహాయింపుగా చూపుతుంది. ‘వచ్చెన్’ అన్న చోట ద్రుతం ఒంటరిగా ఉన్నప్పుడు లోపించి ‘వచ్చె’ కావడం, ‘అతఁడు’ పరమైనప్పుడు ‘వచ్చెనతఁడు’ అని బయటపడడం చదివినవారికి ఇందులో విచిత్రం కనిపించదు. ఏకవచనంలో ‘లె’కు ‘అమీ’ పరమైతే ముందున్న అచ్చు లోపించి ‘లామీ’ అవుతుంది. ‘రాముడు’, ‘ఇతడు’ కలిసి ‘రాముడితడు’ అయినట్లే. అతనికి ఉన్నదా అని అడగడానికి ‘ఆ’ పక్కన ‘ఈల్’ చేరిస్తే రెండు అచ్చుల నడుమ ఒక తకారం ఆగమంగా వచ్చి ‘ఆతీల్’ అవుతుంది. ‘మా’, ‘అమ్మ’ కలిసి ‘మాయమ్మ’ అయ్యే చోట వచ్చే యడాగమానికి ఇది వరుసకు తమ్ముడు. రెండు భాషలకూ జన్మసంబంధం లేదు. అయినా అచ్చు పక్కన అచ్చు ఇమడనప్పుడు మానవుని నోరు వెదుక్కున్న ఉపాయం రెండు చోట్లా ఒకటే అయింది. పరీక్ష కోసం సంధిసూత్రాలు వల్లించి మరునాడే మరచిపోయే విద్యార్థులకు, ఆ సూత్రాలు పారిస్ వీథులలో కూడా పనికివస్తాయని ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

మర్యాద విషయం మరొకటి. ఫ్రెంచిలో ‘వూ’ అనేది గౌరవానికి, బహుత్వానికి వాడే సర్వనామం. ఆత్మీయులను పిలిచే సర్వనామం వేరే ఉంది, క్రియారూపం కూడా దాని ననుసరించి మారుతుంది. ఇది అచ్చంగా మన నువ్వు, మీరు. అమ్మను ‘నువ్వు’ అని, అధ్యాపకుని ‘మీరు’ అని పిలిచే తెలుగు విద్యార్థికి ఫ్రాన్సులో ఎక్కడ ఏది అనాలో దాదాపు ముందే తెలుసు. అయినా అన్నిటికీ ఒకే ‘యు’ వాడే ఇంగ్లీషు మీదుగా నేర్చి, తెలియని పెద్దవారిని నువ్వు అని పలకరించి నొప్పించే ప్రమాదాన్ని కొని తెచ్చుకుంటాడు. తనకున్న దానిని వదులుకొని, లేనివారి దగ్గర నేర్చుకోవడమంటే ఇదే.

అన్నింటా తెలుగే దీపమని దీని భావం కాదు. వాక్యనిర్మాణంలో ఇంగ్లీషే దగ్గర. మన క్రియ వాక్యం చివర కూర్చుంటే ఫ్రెంచి క్రియ కర్తను అంటిపెట్టుకొని ఉంటుంది. పదజాలంలోనూ ఫ్రెంచి నుండి ఇంగ్లీషులోకి చేరిన మాటలు వేలకొద్దీ ఉన్నాయి. అక్కడ ఇంగ్లీషు సాయం తీసుకోకపోవడం మూర్ఖత్వం. ‘ఈ’ అనడానికి నాలుకను సిద్ధం చేసుకొని పెదవులను ‘ఊ’ అన్నట్లు గుండ్రంగా చుట్టి పలికే ఫ్రెంచి అచ్చుకైతే ఏ భాషా సాయపడదు. అది వచ్చేదాకా అద్దం ముందు నిలబడి సాధన చేయవలసిందే. తప్పు పలికినప్పుడు ఎర్ర గుర్తు వేసే సాధనాలు అనేకం. పెదవులు ఎక్కడ తప్పాయో చెప్పగల సాధనాలు అరుదు.

ఫ్రెంచి పరీక్షల సంగతి కూడా ఆలోచించదగినది. 1985లో ఏర్పడిన డెల్ఫ్ పరీక్షలో వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం అనే 4 భాగాలకూ సమానంగా 25 మార్కుల చొప్పున ఉంటాయి. మొత్తం మీద 50 రావాలి. ఏ ఒక్క భాగంలో 5 కంటె తగ్గినా ఉత్తీర్ణత లేదు. మన ఇంటర్మీడియట్‌లో ద్వితీయ భాషగా ఫ్రెంచి తీసుకొనే సదుపాయం ఉంది. మార్కులు బాగా వస్తాయన్న ఆశతో దానిని ఎంచుకొని, ఒక్క వాక్యమైనా నోరారా పలకకుండానే రెండేళ్ళు దాటించినవారు డెల్ఫ్ గదిలో పరీక్షకుని ఎదుట కూర్చున్నప్పుడు వారి చదువు నిగ్గు తేలుతుంది. యంత్రంతోనే గడిపినవారి పరిస్థితి కొంత మెరుగు, కాని కొంతే. యంత్రం ఎంతసేపైనా ఎదురుచూస్తుంది, విసుగుకోదు, ముఖం చిట్లించదు. ఎదుటి మనిషి తొందరలో ఉంటాడు, మాటను మధ్యలో అందుకుంటాడు, నవ్వుతాడు.

యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న తెలుగు ఊరు. గోదావరి ఒడ్డున ఉన్న ఆ ఊరివారికి ఇంట్లో తెలుగు, కచేరీలో ఫ్రెంచి. అర్జీ పెట్టాలన్నా, కొలువు చేయాలన్నా ఆ భాషతో పని పడింది. యంత్రం అన్నీ సమకూర్చినా ఈ ఒక్కదానిని సమకూర్చలేదు. ఆరు నెలలు రోజూ అరగంట చొప్పున సాధన చేసిన విద్యార్థి కూడా, దానితో పని పడక, ఏడవ నెలలో ఫోన్ పక్కన పడేయడం అందువల్లనే.

పని కల్పించడం అసాధ్యం కాదు. యంత్రం ద్వారా ఫ్రెంచి నేర్చుకుంటున్నవారు కళాశాలలో నలుగురైదుగురు ఉంటే, వారానికి ఒక మధ్యాహ్నం ఒకచోట కూర్చొని ఇంగ్లీషు ముక్క లేకుండా ఫ్రెంచిలో మాట్లాడుకోవచ్చు. తప్పులు దొర్లుతాయి, దొర్లనివ్వాలి. తెలుగు అధ్యాపకుడు ఫ్రెంచి ఎరుగకపోయినా ఆ సమావేశంలో ఆయనకు ఒక కుర్చీ వేయాలి. ‘లామీ’ ఎందుకయిందో, ‘ఆతీల్’లో తకారం ఎక్కడి నుండి వచ్చిందో విద్యార్థులు వినిపిస్తే, అది లోపమో ఆగమమో తేల్చి చెప్పగలిగేది ఆయనే.