కుక్కలకు ప్రవేశం లేదు, ఇల్లాలికీ లేదు

"నువ్వూ బ్రూనో ఇంట్లో ఉండండి. మేం మూడ్రోజుల్లో వచ్చేస్తాం."

కిందటి వేసవిలో మావారు అన్న మాట యిది. సముద్రానికి వెళదామని నెలరోజుల ముందునుంచీ అనుకున్నాం. తీరా బయల్దేరే వారం ముందు, అక్కడి విడిదివాళ్లు కుక్కను రానివ్వమన్నారు. అప్పుడన్నారాయన, "గ్యాసు కట్టెయ్, గొళ్లెం పెట్టు" అన్నంత మామూలుగా! పిల్లలిద్దరూ ఒక్క నిమిషం మొహాలు వేలాడేసుకుని, రెండో నిమిషంలో టోపీలు వెతుక్కోవడానికి వెళ్లిపోయారు. హాల్లో నేనూ బ్రూనో మిగిలాం. అది నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను.

ఇంతకీ బ్రూనోని తెచ్చింది నేను కాదండీ. మా మేడ్చల్ ఇంటికి కాస్త పెరడుంది కదా అని, అబ్బాయి పదో పుట్టినరోజుకి మావారే తెచ్చారు. లేత పసుపు రంగు లాబ్రడార్ పిల్ల. "పొద్దున్న నేను తిప్పుతాను, సాయంత్రం అబ్బాయి తిప్పుతాడు, స్నానం అమ్మాయి వంతు" అని పంపకాలు కూడా జరిగాయి. ఆ పంపకాల్లో నా పేరే లేదు. మూడు నెలలు తిరిగేసరికి వాటాలన్నీ నా పేర రిజిస్టరైపోయాయి. మీ ఇంట్లోనూ ఇదే కథ అయివుంటుందని పందెం కాస్తాను.

అంచేత నేను గట్టిగా చెప్పదలచుకున్నదొకటుంది. "కుక్కలకు ప్రవేశం లేదు" అని ఎక్కడ బోర్డు కడతారో, దాని కింద కనిపించని అక్షరాలతో ఇంకో మాట రాసి ఉంటుంది. ఆ కుక్కకి అన్నం పెట్టే ఇల్లాలికీ ప్రవేశం లేదని! సముద్రపు ఒడ్డున కుక్కలకి చోటివ్వాలా వద్దా అన్నది డబ్బున్నవాళ్ల ముద్దుముచ్చట అనుకుంటారు చాలామంది. నన్నడిగితే అది ఆడవాళ్ల సెలవుకి సంబంధించిన సంగతి. మంచంలో ఉన్న అత్తగారి కోసం ఆగిపోయేది మనమే, పరీక్షలున్న పిల్లకోసం ఆగిపోయేది మనమే. ఇప్పుడు కుక్క కోసం ఆగిపోయేదీ మనమేనా?

నేను ఆగనన్నాను. ఆ మాటకి ఇంట్లో ఒక పూట నిశ్శబ్దం. ఆ తర్వాత ఫోన్ల మీద ఫోన్లు చేస్తే, బాపట్ల వైపు తీరంలో ఒక విడిదివాళ్లు "మాది పెట్ ఫ్రెండ్లీ మేడమ్" అన్నారు. పేరెందుకులెండి. రైల్లో వెళదామంటే కుక్కకి రెండే దారులు. ఫస్టు ఏసీలో ఒక కూపే మొత్తం మనమే తీసుకోవాలి, లేదా గార్డు దగ్గరి బ్రేక్ వ్యాన్‌లో పెట్టెలో వెయ్యాలి. మొదటిది మా తాహతుకి మించింది, రెండోది నా మనసుకి మించింది. చివరికి అద్దెకారు మాట్లాడుకుని, మూడువందల పైచిలుకు కిలోమీటర్లు, దారిపొడుగునా బ్రూనో తల నా ఒళ్లో పెట్టుకుని వెళ్లాం.

తీరా వెళ్లాక తెలిసింది, ఆ స్నేహం రసీదు వరకేనని. కుక్కకి అదనపు రుసుం ముందే కట్టించుకున్నారు. గదిలోకి రాకూడదన్నారు, పచ్చిక మీద నడవకూడదన్నారు, ఎదురుగా ఉన్న ఇసుకలోకి అసలే పోకూడదన్నారు. జనరేటర్ షెడ్డు వెనకాల కట్టెయ్యమన్నారు. ఆ చప్పుడుకి అది వణికిపోతూంటే పక్కన ఎవరో ఒకరు కూర్చోవాలి కదా? కూర్చున్నాను. మొదటిరోజు సముద్రాన్ని నేను రెండు కొబ్బరిచెట్ల మధ్యనుంచి చూశాను. దూరంగా మావారి టోపీ ఒకటి అలల్లో తేలుతూ మునుగుతూ కనిపించింది.

రెండోరోజు తెల్లవారుజామున అయిదింటికి, ఎవరూ లేవకముందే తాడు పట్టుకుని ఒడ్డుకి వెళ్లాం. వలలు లాగుతున్న పల్లెవాళ్లున్నారు. వాళ్ల కుక్కలు ఓ నాలుగు ఇసుకలో ముడుచుకుని పడుకున్నాయి. "ఇక్కడ కుక్కలు రాకూడదట కదా?" అన్నాను భయంగా. "మా కుక్కలకి బోర్డు చదవడం రాదమ్మా" అంది బుట్ట సర్దుకుంటున్నావిడ. బ్రూనో మొదటి అలని చూసి వెనక్కి గెంతింది, రెండోదాన్ని మొరిగి భయపెట్టబోయింది, మూడోదానిలోకి దూకింది. నేనూ మోకాళ్లలోతు దిగాను. ఎన్నేళ్లయిందో అలా చీర తడుపుకుని! ఆ అరగంటే ఆ సెలవు మొత్తంలో నాకు దక్కిన సెలవు.

ఇదంతా చదివి, "అయితే బీచ్‌లన్నీ కుక్కలకి రాసిచ్చెయ్యమంటావా?" అని మీరు కోప్పడొచ్చు. ఆగండి. కాదనేవాళ్ల మాటల్లో న్యాయం ఉందని నాకూ తెలుసు.

మొదటిది పసిపిల్లల భయం. ఈ భయాన్ని వెక్కిరించే హక్కు మా ప్రాంతంవాళ్లకి అసలు లేదు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబుని వీధికుక్కలు చంపేశాయి. 2024 జూలైలో మా శామీర్‌పేటకి ఇవతలే ఉన్న జవహర్‌నగర్‌లో ఏడాదిన్నర పసివాడు అలాగే పోయాడు. ఆ తల్లుల ముందు నిలబడి "మా కుక్క ఏమీ చెయ్యదండీ" అనే మాట నా నోట రాదు. ఏమీ చెయ్యదని మనకి తెలుసు, ఎదుటి పిల్లకి ఎలా తెలుస్తుంది?

రెండోది తాబేళ్లు. మన తీరానికి చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చి ఇసుకలో గుంట తీసి గుడ్లు పెట్టిపోతాయి. అవి పిల్లలయ్యేందుకు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. కుక్క ముక్కుకి ఆ గుంట దొరికిందంటే అంతే సంగతులు. అందుకే అటవీశాఖవాళ్లు గుడ్లు ఏరి, కంచె కట్టిన చోట్ల పొదిగించి, పిల్లల్ని సముద్రంలో వదులుతారు.

మూడోది శుభ్రం. కుక్క మలం ఇసుకలో కలిస్తే అందులోని కొంకిపురుగుల పిల్లలు వట్టికాళ్లతో నడిచేవాళ్ల చర్మంలోకి దూరతాయి. విశాఖ రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు నిబంధనల్లోనే, తీరంలో కుక్కల్ని గట్టిగా అదుపు చెయ్యాలని ఒక షరతుంది.

ఒప్పుకున్నాను. అయితే ఈ మూడింటికీ మందు బోర్డు ఒక్కటేనా? ఇంగ్లండులో చాలా తీరాల్లో మే నుంచి సెప్టెంబరు దాకా కుక్కల్ని రానివ్వరు, మిగతా నెలల్లో రమ్మంటారు. అమెరికాలో శాన్ డియాగోవాళ్లు 1972 లోనే సముద్రతీరంలో ఒక ముక్కని కుక్కలకి విడిచిపెట్టారు. మన హైదరాబాదు మాత్రం తక్కువ తిందా? 2018లో కొండాపూర్‌లో 1.3 ఎకరాల్లో కుక్కల పార్కు కట్టారు. కాలాన్నీ స్థలాన్నీ పంచుకోవడం ఆడవాళ్లకి కొత్తకాదు. ఒక్క బాత్రూముతో, ఏడుగురు మనుషులతో సంసారాలు ఈదినవాళ్లం. తాబేళ్ల నెలల్లో కుక్క వద్దు. తక్కిన నెలల్లో, ఊరికి దూరంగా ఉన్న ఒక ఫర్లాంగు ఇసుక, పొద్దున్న ఎనిమిదింటి వరకు. మెడకి పట్టీ, చేతిలో తాడు, టీకా వేయించిన కాగితం, ఎత్తిపొయ్యడానికి సంచీ. ఇవి లేకపోతే జరిమానా. ఇంతే కదా కావలసింది?

సముద్రం దాకా ఎందుకు, మా ఇంటి ముందరి సంగతే చూడండి. మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు ఎంతో దూరం కాదు. ఆదివారం తెల్లవారగట్ల నేనూ బ్రూనో ఆ కట్టకి వెళతాం. పక్కనున్న జవహర్ జింకల పార్కులోకి దాన్ని తీసుకెళతానని నేనెప్పుడూ అనను, జింకకి అది ప్రాణభయం. కట్ట మీద నడుస్తాం, అంతే. శనివారం సాయంత్రం విహారానికి వచ్చిన పెద్దమనుషులు వదిలిపోయిన బిర్యానీ పొట్లాలూ, కోడి ఎముకలూ, సీసా పెంకులూ అడుగడుక్కీ. మా బ్రూనో పాదం కోసుకుంది ఒకసారి. ఆ సీసాలు ఏ కుక్క తాగి పారేసిందో చెప్పండి! మనుషులకి మటుకు ఏ గేటు దగ్గరా టీకా కాగితం అడగరు.

అక్కడ మొక్కజొన్న కంకులు కాల్చే ఒక అవ్వ ఉంది. ఆమె బొగ్గుల కుంపటి పక్కన గోధుమరంగు ఊరకుక్క ఒకటి ఎప్పుడూ పడుకుని ఉంటుంది. ఒకనాడు దాని మెడకి మాసిపోయిన తోలు పట్టీ చూసి అడిగాను.

"ఎండాకాలం సెలవులల్ల ఎవలో కారుల తెచ్చి ఇడిసిపెట్టి పోయిన్రు బిడ్డా" అంది అవ్వ. "మూడు దినాలు గా కారు పోయిన తొవ్వ దిక్కే చూసుకుంట కూసుంది. బువ్వ ముట్టలే."

నాకు నోట మాట రాలేదు. సెలవుకి వెళ్లే దారిలో కుక్కను రోడ్డుపక్కన దింపేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోయినవాళ్లు ఎవరో! వాళ్లూ మనలాంటి మధ్యతరగతివాళ్లే అయివుంటారు. ఆ కుక్కని పిల్లల పుట్టినరోజుకే కొనివుంటారు. ఇంట్లో ఉండిపోవడానికి ఆ ఇల్లాలు "నా వల్ల కాదు" అనివుంటుంది, పాపం ఆవిడ అలసటా అబద్ధం కాదు. ఇవాళ దింపేసిన పెంపుడుకుక్క రేపు వీధికుక్క. ఎల్లుండి దాని పిల్లలు గుంపు. అప్పుడు మనమే కిటికీలోంచి చూసి, "ఈ మునిసిపాలిటీ ఏం చేస్తోంది?" అంటాం. రేబీస్ టీకాలు తయారయ్యే జీనోమ్ వ్యాలీ ఆ చెరువుకి కూతవేటు దూరం. టీకా ఉంది, చట్టం ఉంది, 2025లో వీధికుక్కల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది కూడా. కొనేటప్పుడే "సెలవులకి దీన్నేం చేస్తాం?" అని అడిగే నోరు మటుకు ఇళ్లల్లో లేదు.

ఆ నోరు మనదే కావాలి. అందుకే ఈ గోలంతా. కుక్కను కొనేముందు, తిప్పే చేతిని చూపించమనండి. చూపించలేకపోతే కొననివ్వకండి, పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. ఇంటికి వచ్చేసిందా, అది ఇంటిమనిషి. దానికి చోటులేని సెలవు మనకొద్దు. రుసుం పుచ్చుకుని షెడ్డు వెనక కట్టించే స్నేహం అసలే వద్దు.

మహాప్రస్థానం కథ చిన్నప్పుడు మా నాయనమ్మ చెబుతుండేది. వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానని ధర్మరాజు ఇంద్రుడితో ఖండితంగా చెప్పాడట. వినేవాళ్లందరికీ కళ్లు చెమర్చేవి. నేను మాత్రం, "మరి దారిలో అందరికంటే ముందు పడిపోయిన ద్రౌపదిని వెనక్కి తిరిగి చూడలేదేం నాయనమ్మా?" అని అడిగి తిట్లు తిన్నాను. నలభయ్యేళ్లు దాటాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. కుక్క కోసం స్వర్గం తలుపు దగ్గర ఆగడం ధర్మమే. ఆగవలసింది ఎవరన్నదే పేచీ. మా ఇళ్లల్లో స్వర్గంలోకి ధర్మరాజులు వెళతారు, తలుపు బయట కుక్క తాడు పట్టుకుని ద్రౌపది నిలబడుతుంది.

వచ్చే కార్తీకంలో మళ్లీ సముద్రానికి అనుకుంటున్నాం. మొన్న మావారు అలవాటుగా, "మరి బ్రూనో?" అన్నారు నా వైపు చూసి.

కొత్తగా కొన్న తాడూ, ఎత్తిపోసే సంచుల కట్టా తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

"పొద్దున్న మీరు, సాయంత్రం అబ్బాయి, స్నానం అమ్మాయి" అన్నాను. "నేను సముద్రం చూస్తూ కూర్చుంటాను."