మెదడుకు విద్యుత్తు: భయమూ వద్దు, భ్రమా వద్దు

పత్తి, మిరప పండు మా తుళ్లూరు ప్రాంతమున రాజధాని భవనములు లేచుచున్న ఈ రోజులలో సైతము, "ఆ ఇంట ఒకరికి తలకు కరెంటు పెట్టించారట" అను మాట వినబడినంతనే పెండ్లి సంబంధము మాట్లాడవచ్చినవారు వెనుదిరుగుట కలదు. మా వీధిలోని ఒక పెద్దమ్మగారు తీవ్రమైన మనోవ్యాధితో మాట మానిరి. పిదప అన్నము కూడ మానిరి. వైద్యులు విద్యుచ్చికిత్స సూచింపగా, "మెదడు మాడిపోవును" అని కుమారులు మూడు వారములు జంకిరి. తుదకు అంగీకరించిరి. ఆమె తిరిగి అన్నము తినిరి. ఆ రోజుల సంగతులు కొన్ని మాత్రము ఆమెకు నేటికీ గుర్తులేవు.

ఆ మూడు వారముల జంకే ఈ వ్యాసమునకు కారణము. మెదడు నిజముగా మాడునా?

ఈ చికిత్సను 1938లో రోము నగరమున చెర్లెట్టి, బీనీ అను వైద్యులు ఆరంభించిరి. నేడు రోగికి మత్తు ఇచ్చి, కండరములు సడలు మందు ఇచ్చి, కొద్ది సెకనులు మాత్రమే విద్యుత్తును పంపుదురు. అప్పుడు జీవకణములలో ఏమి జరుగునో తెలిసికొనుటకు 1970ల నుండి ఎలుకలపైనా, చిట్టెలుకలపైనా పరిశోధనలు జరిగినవి.

చెంచాడు తోడు గిన్నెడు పాలను పెరుగు చేయునట్లు, శరీరమున కొద్దిపాటి ఎంజైము చాలా పదార్థమును మార్చును. ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ అను ఎంజైము ఆర్నిథిన్‌ను పుట్రెసిన్‌గా మార్చును. దాని నుండి స్పెర్మిడిన్, స్పెర్మిన్ తయారగును. వీటినే పాలీఅమైన్లు అందురు. కణముల పెరుగుదలకు, మాంసకృత్తుల తయారీకి ఇవి అవసరము. ఈ ఎంజైము ఆయువు బహు స్వల్పము. తయారైన దానిలో సగము గంటలోపే నశించును. అందుచేత అది ప్రేరణకు త్వరగా స్పందించును. విద్యుత్తు సోకిన జంతువు మెదడులో అది కొన్ని గంటలలో పెరిగి, మరల యథాస్థితికి వచ్చును. మాడిన కట్టె ఇట్లు స్పందించదు. బ్రతికిన కణమే స్పందించును.

అయితే ఇంతటితో సంబరపడరాదు. మెదడుకు దెబ్బ తగిలినపుడు, రక్తప్రసరణ ఆగినపుడు కూడ ఇదే ఎంజైము పెరుగును. ఆ పెరుగుదల మరమ్మతుకా, మరింత హానికా అన్న విషయమున శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయమునకు రాలేదు. కనుక "పాలీఅమైన్లు పెంచి జ్ఞాపకశక్తి నిచ్చును" అని ఎవరైన తలకు తగిలించుకొను విద్యుత్ పరికరమును ఇంటికి తెచ్చి అమ్మజూపిన, కొనవలదు. సోయా చిక్కుళ్లు, పచ్చిబఠాణీ, పుట్టగొడుగులలో పాలీఅమైన్లు కలవు. అవి మంచి ఆహారమే. కాని తిన్నవి రక్తము నుండి మెదడులోనికి సులభముగా చేరవు. మనోవ్యాధికి అవి మందు కానేరవు.

మన ఆయుర్వేదము మనోవ్యాధిని చిన్నచూపు చూడలేదు. చరకసంహితలో ఉన్మాద, అపస్మారములకు వేర్వేరు అధ్యాయములు కలవు. బ్రాహ్మీఘృతము వంటి ఔషధములను వైద్యుని సలహాతో వాడుకొనవచ్చును. కాని రోగి అన్నపానములు మానినపుడు, చావు మాట ఎత్తినపుడు గృహవైద్యముతో కాలయాపన చేయుట తగదు. ఈ మాట మన పత్రికలోనే వ్రాయవలెనని నా అభిప్రాయము. ఏలయన చిట్కాలపై నమ్మకము మన ఇండ్లలోనే ఎక్కువ.

వైద్యుని నిర్భయముగా ప్రశ్నింపుడు. మత్తు ఇత్తురా? ఎన్ని పర్యాయములు? మరపు ఎంతకాలముండును? మత్తు, కండరములు సడలు మందు లేకుండ ఈ చికిత్స చేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. పిల్లల విషయమున సంరక్షకుల అంగీకారముతోపాటు సంబంధిత బోర్డు ముందస్తు అనుమతి కూడ ఉండవలెను. ఎవరిని అడుగవలెనో తెలియనివారు 14416 నంబరుకు, అనగా టెలిమానస్‌కు, ఫోను చేయవచ్చును, ఖర్చు లేదు.

విద్యుత్తు దయ్యము కాదు, దైవమూ కాదు. తెలిసిన వైద్యుని చేతిలో అది ఒక చికిత్స. ఆ చికిత్స పొందిన ఇంటిని వెలివేయకుండుట మన చేతిలోని పని.