పిల్ల కోసం వచ్చినవాడు హీరో కాడా?



మన లైబ్రరీ బీరువాలో కింది అరలో ‘స్లామ్ డంక్’ అని జపాను బొమ్మల పుస్తకాలు కొన్ని ఉన్నాయి గదా. జపాను వాళ్ళు వీటిని మాంగా అంటారు. కుడి నుంచి ఎడమకి చదవాలి. నేను తెలీక చివరి పేజీ నుంచి మొదలెట్టేశాను. తకెహికో ఇనోవె గారు 1990 నుంచి 1996 దాకా గీశారు, మొత్తం 31 పుస్తకాలు. మన దగ్గర లేనివి సెలవుల్లో మా అన్న ఫోనులో చదివాను.

అందులో సకురాగి హనమిచి అని ఎర్రజుట్టు కుర్రాడు. 50 మంది ఆడపిల్లలు వాణ్ణి వద్దన్నారు. హరుకో అనే అమ్మాయి “బాస్కెట్‌బాల్ ఇష్టమా?” అని అడిగితే, బంతి పట్టుకోవడం రాకపోయినా ఇష్టమేనని అబద్ధం చెప్పి జట్టులో చేరాడు.

మొన్న రాత్రి డార్మిటరీలో దీనిమీదే గొడవ. “వీడు పిల్ల కోసం వచ్చాడు, వీడు హీరో ఏంటి? అసలు హీరో రుకావా” అన్నాడు నా స్నేహితుడు. వాడే మన ఏడో తరగతి తమ్ముడి గురించి కూడా, “స్టడీ అవర్ ఎగ్గొట్టడానికి కబడ్డీకి వస్తున్నాడు, జోనల్ లిస్టులో పెట్టొద్దు” అంటున్నాడు. రెండూ నేను ఒప్పుకోను.

జాతీయ పోటీల ముందు హనమిచి ఒక్క వారంలో 20,000 షాట్లు వేశాడు. అంటే రోజుకి దాదాపు 2,850. పిల్లని మెప్పించాలంటే ఎగిరి ఒక డంక్ కొడితే చాలు గదా! సన్నో స్కూలుతో మ్యాచిలో నడుం దెబ్బతిన్నాక, బాస్కెట్‌బాల్ అంటే ఇష్టమని హరుకోతో మళ్ళీ చెప్తాడు. ఈసారి అది నిజం. నాకు అక్కడ ఏడుపొచ్చింది, దాచుకోను.

రుకావా కూడా మారాడు. వీడికి ఎప్పుడూ బంతి ఇవ్వనివాడు చివరి క్షణంలో ఇచ్చాడు. హనమిచి ప్రాక్టీసు చేసిన ఆ మామూలు షాటే వేశాడు, 79-78తో గెలిచారు. ఆ పేజీల్లో దాదాపు మాటలే లేవు, అన్నీ బొమ్మలే. నాకైతే షాటు కన్నా ఆ పాసే గొప్ప.

మన అమలాపురం సాత్విక్ సాయిరాజ్‌నే చూడండి. 2016లో కోచ్ ఆయన్ని చిరాగ్ షెట్టితో జత కలిపినప్పుడు ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టేవాళ్ళే. ఒకరికొకరు చోటివ్వడం నేర్చుకున్నాక, 2023లో ఆసియా క్రీడల బంగారు పతకం వచ్చింది.

ఇక నా సంగతి. ఆరో తరగతిలో నేను కబడ్డీకి వెళ్ళింది ఆటగాళ్ళకిచ్చే గుడ్డు కోసం. పోయినేడు మోకాలు చెక్కుకుపోయి పీఈటీ సారు ఆడొద్దన్నారు, గుడ్డు కూడా లేదు. అయినా రోజూ వెళ్ళి సున్నంతో గీతలు గీసేవాణ్ణి. మనసు ఎప్పుడు మారిందో నాకే తెలీదు.

తమ్ముడికి కూత నిలవట్లేదు, నిజమే. కానీ పోయిన గురువారం కరెంటు పోయి స్టడీ అవర్ లేదు, ఎగ్గొట్టడానికేమీ లేదు. ఆ చీకట్లో వరండాలో ఒక్కడే కూత పెడుతున్నాడు. నేను విన్నాను. పీఈటీ సారూ, లిస్టు రాసేముందు వాణ్ణి ఒక్కసారి ఆడించి చూడండి.

ఎనిమిదో పుస్తకం ఎవరి పెట్టెలో ఉందో గానీ, దయచేసి బీరువాలో పెట్టేయండి. తమ్ముడు అడుగుతున్నాడు.

— 9వ తరగతి విద్యార్థి