చేవ్రాలు - తాళంచెవి

మా శింగనమల వైపు వానను నమ్మేందుకు లేదు, వేరుసెనగను అంతకన్నా నమ్మేందుకు లేదు. అందుచేత నాలుగెకరాల మెట్టచేను గల రైతు సైతం, "ఈ సేద్యం నాతో సరి, పిల్లలు చదువుకొని బెంగుళూరు పోనీ" అంటాడు. ఆ చదువుకు మిగిలే ఆనవాలు ఒక్క పట్టా కాగితం. 1981లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న ఆ కాగితానికి, ఇంట్లో పొలం పాసుపుస్తకం పక్కనే చోటు. దానికి చెద పడితే ఆ ఇంటికి దిగులు పడుతుంది.

చెదకన్నా పెద్ద చిక్కు మరొకటి. ఫీజు బాకీ ఉన్నదని అసలు సర్టిఫికెట్లను బీరువాలో పెట్టుకునే కళాశాలలు లేకపోలేదు. అలా అట్టిపెట్టుకోరాదని యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ 2018లో నోటిఫికేషన్ ఇచ్చినది. అయినా, అసలు ఒక్కటే అయినంతకాలం అది ఎవరి చేతిలో ఉంటే వారిదే పైచెయ్యి.

ఆ పైచెయ్యిని తప్పించగలది డిజిటల్ సర్టిఫికెట్. కాగితానికి తీసిన ఫోటో అనుకునేరు సుమండీ, అది వేరు.

తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు చూచినవారికి ఇది సులువుగా బోధపడుతుంది. రాగిరేకులను ఒక కడియానికి గుచ్చి, కడియం కొసలను రాజముద్రలో అతికేవారు. ముద్రమీద "శ్రీ త్రిభువనాంకుశ" అన్న బిరుదు. రేకు మార్చాలంటే కడియం తెంపవలసినదే, తెంపితే కనబడిపోతుంది.

ఎలక్ట్రానిక్ సంతకం కూడా అటువంటి కడియమే. పట్టాలోని ప్రతి అక్షరాన్నీ, అంకెనూ కలిపి యంత్రం ఒక పొడుగాటి సంఖ్యగా లెక్కకడుతుంది. దానిని అధికారి తనవద్ద మాత్రమే ఉండే రహస్యపు తాళంచెవితో బిగిస్తాడు. దానికి జత అయిన రెండవ చెవి బహిరంగం. దానితో ఎవరైనా విప్పి సరిచూచుకోవచ్చు గాని బిగించలేరు. 61 మార్కులను 67గా దిద్దారో, సంఖ్య కుదరక గుట్టు రట్టవుతుంది.

మరి ఆ చెవి ఫలానా అధికారిదే అనడానికి పూచీ ఎవరు? కేంద్రప్రభుత్వపు కంట్రోలర్ వద్ద లైసెన్సు పొందిన సంస్థలు. వారు అధికారికి ఇచ్చే గుర్తింపునూ డిజిటల్ సర్టిఫికెట్ అనే అంటారు. పేరు ఒకటే కావడంవల్ల చాలామంది తికమకపడుతున్నారు.

ఈ సంతకానికి చట్టబలం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం ఇచ్చినది. 2015లో డిజిలాకర్ వచ్చినది. పట్టాలు భద్రపరచే నేషనల్ అకడమిక్ డిపాజిటరీ 2017 జులై 9న ప్రారంభమై, ఇప్పుడు డిజిలాకర్ గూటిలోనే ఉన్నది. విశ్వవిద్యాలయం స్వయంగా జారీచేసి అందులో ఉంచిన పత్రం అసలుతో సమానం. మనం ఫోటో తీసి ఎక్కించుకున్నదానికి ఆ హోదా లేదు.

తల్లిదండ్రులు గమనించవలసినవి మూడు. పదవతరగతి మార్కుల పత్రంలోనూ ఆధారులోనూ పేరు ఒకే తీరుగా ఉండాలి, తేడా ఉంటే చదువు సాగుతుండగానే దిద్దించండి. ఉద్యోగానికి పంపేటప్పుడు ఫైలునే పంపండి. కాగితంమీద అచ్చువేస్తే సంతకం బొమ్మ మిగులుతుందేగాని, సరిచూచే శక్తి మిగలదు. తెరమీద సంతకం దగ్గర ప్రశ్నార్థకం కనిపిస్తే దొంగపత్రమని బెదరకండి. పూచీపడిన సంస్థను మీ కంప్యూటరు ఇంకా ఎరగదని దాని అర్థం కావచ్చు.

అధికారులకూ ఒక మనవి. "ఇది మేమిచ్చినదే, మారలేదు" అనడంవరకే ఈ సంతకం పని. మార్కులు తప్పుపడితే ఆ తప్పునే పదిలంగా కాపాడుతుంది. తాళంచెవి ఉండే టోకెన్‌ను, దాని రహస్యపదాన్ని గుమాస్తాకు అప్పగించి ఇంటికి పోవడం, సంతకం చేసిన తెల్లకాగితాల దస్తా బల్లమీద వదలి పోవడంతో సమానం. చేతి వ్రాలు గనుక పూర్వులు దానిని చేవ్రాలు అన్నారు. యంత్రం వచ్చినా, బాధ్యత ఆ చేతిదే.

స్నాతకోత్సవంలో పట్టా పుచ్చుకునే మీ అమ్మాయినో, అబ్బాయినో ఆ సాయంత్రమే అడగండి: "మరొకటి డిపాజిటరీలో చేరిందా?" చేరకపోతే మరునాడే విశ్వవిద్యాలయాన్ని అడిగించండి. బీరువా తాళానికి అందని చదువు అది.