రెండో కోతకు ముందు సర్జన్ లెక్క తేలాలి

బరువు తగ్గేందుకు ఒకసారి శస్త్రచికిత్స చేయించుకున్న రోగికి, బరువు తిరిగి పెరగడం వల్లనో, మొదటి శస్త్రచికిత్స కొత్త సమస్యలు తెచ్చిపెట్టడం వల్లనో, కొన్నేళ్ల తర్వాత మళ్లీ చేసే శస్త్రచికిత్సను రివిజన్ బేరియాట్రిక్ సర్జరీ అంటారు. దీనికి సర్జన్‌ను ఎలా ఎంచుకోవాలనే విషయంలో ఆస్పత్రుల ప్రచారమూ, ఆరోగ్య శీర్షికల సలహాలూ ఏళ్ల తరబడి ఒకే పాట పాడుతున్నాయి: డిగ్రీలు చూడాలి, ఎన్నేళ్ల అనుభవమో అడగాలి, పేరున్న ఆస్పత్రికి వెళ్లాలి. ఈ సలహా చాలదు సరికదా, రోగిని పక్కదారి పట్టిస్తుంది. ఫలానా సర్జన్ ఇలాంటి కేసులు ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని వికటించాయి అన్న లెక్కే రోగికి అన్నిటికంటే అవసరం కాగా, దాన్ని రోగికి ఎవరూ చెప్పడం లేదు, చెప్పి తీరాలని ఏ చట్టమూ ఆదేశించడం లేదు. ఆ లెక్కను బయటపెట్టించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. దాన్ని రోగి వివేకానికి వదిలేయడం బాధ్యత నుంచి తప్పుకోవడమే.

ఈ వాదనకు ఆధారం పుష్కర కాలంగా వైద్యలోకం కళ్లెదుటే ఉంది. జాన్ బర్క్‌మేయర్ బృందం 2013లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన అధ్యయనం కోసం అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన 20 మంది బేరియాట్రిక్ సర్జన్లు తాము చేసిన గ్యాస్ట్రిక్ బైపాస్ (కడుపును చిన్నది చేసి పేగును మళ్లించే శస్త్రచికిత్స) వీడియోను ఒక్కొక్కటి చొప్పున ఇవ్వగా, అవి ఎవరివో తెలియని తోటి సర్జన్లు వాటిని చూసి చేతి నైపుణ్యానికి మార్కులు వేశారు. ఆ మార్కులను పది వేలకు పైగా రోగుల ఫలితాలతో పోల్చి చూస్తే, నైపుణ్యంలో అట్టడుగున నిలిచిన నాలుగో వంతు సర్జన్ల వద్ద 14.5 శాతం మందికి శస్త్రచికిత్స అనంతర సమస్యలు తలెత్తాయి. అగ్రభాగాన నిలిచిన నాలుగో వంతు సర్జన్ల వద్ద ఆ సంఖ్య 5.2 శాతం మాత్రమే. మరణాల రేటు మొదటివారి వద్ద 0.26 శాతం, రెండోవారి వద్ద 0.05 శాతం. అంతకంటే ముఖ్యమైన విషయం ఏమిటంటే, ఆ నైపుణ్యానికీ సర్జన్ వృత్తిలో గడిపిన ఏళ్లకూ, ఫెలోషిప్ అనే ప్రత్యేక శిక్షణకూ, బోధనాస్పత్రిలో పని చేయడానికీ చెప్పుకోదగిన సంబంధం కనిపించలేదు. సంబంధం కనిపించింది చేసిన శస్త్రచికిత్సల సంఖ్యతో. రోగిని చూడమని చెబుతున్న డిగ్రీలూ, ఏళ్లూ, ఆస్పత్రి పేరూ ఏవీ 14.5ను 5.2 నుంచి వేరు చేసి చూపలేవని దీని అర్థం.

ఆ సంఖ్యలు మొదటిసారి చేసే బైపాస్‌కు సంబంధించినవని గుర్తుంచుకోవాలి. రివిజన్‌లో సర్జన్ ముందున్న కడుపు సహజమైన కడుపు కాదు. పాత గాయాలు మానేటప్పుడు పేగులూ, కాలేయమూ, కడుపూ ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంటాయి, రక్తప్రసరణ దారులు కొన్ని అప్పటికే తెగి ఉంటాయి, స్టేపుల్స్ వేసిన చోట కండ మందమెక్కి కొత్త కుట్టు సరిగా పట్టదు. అందువల్ల కుట్టు వేసిన చోట నుంచి కడుపులోని ద్రవం బయటికి కారడం, అంటే లీక్, మొదటి శస్త్రచికిత్సలో కంటే రివిజన్‌లో ఎక్కువగా ఎదురయ్యే ముప్పు. తేలికైన శస్త్రచికిత్సలోనే సర్జన్‌కూ సర్జన్‌కూ మధ్య తేడా 14.5కూ 5.2కూ ఉన్నంత ఉంటే, కష్టమైన దానిలో ఆ తేడా తగ్గుతుందని నమ్మడానికి కారణం లేదు.

చేతి నైపుణ్యంతో పాటు ఏ శస్త్రచికిత్స చేయాలన్న నిర్ణయం కూడా సర్జన్ ఎంపికలో భాగమే. మన దేశంలో విరివిగా చేసే స్లీవ్ పద్ధతిలో కడుపును నిలువునా కోసి సన్నని గొట్టంలా మిగులుస్తారు. ఫిన్లాండ్‌లో 240 మందిపై జరిగిన స్లీవ్‌పాస్ అధ్యయనం పదేళ్ల ఫలితాలు 2022లో వెలువడగా, కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్ని అన్నవాహికను వాచేలా చేసే వ్యాధి స్లీవ్ చేయించుకున్నవారిలో 31 శాతం మందిలోనూ, బైపాస్ చేయించుకున్నవారిలో 7 శాతం మందిలోనూ కనిపించింది. స్లీవ్ తర్వాత తీవ్రమైన మంటతో వచ్చిన రోగికి మళ్లీ స్లీవే చేసి గొట్టాన్ని ఇంకా సన్నం చేస్తే మంట తగ్గకపోగా పెరిగే అవకాశం ఉంది. అలాంటివారిని సాధారణంగా బైపాస్‌కు మారుస్తారు. ఒకే పద్ధతిలో చేయి తిరిగిన సర్జన్ ప్రతి రోగికీ ఆ పద్ధతినే సూచించే ప్రమాదం ఉంటుంది కనుక, ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే, అవసరమైతే అన్నవాహికలో ఆమ్లం కొలిచే పరీక్ష చేయించి, పాత ఆపరేషన్ నోట్స్ చదివి, ఆహారపు అలవాట్లను పోషకాహార నిపుణుల చేత పరిశీలింపజేసి, అవసరం లేనప్పుడు రివిజన్ వద్దని చెప్పగలిగినవారే ఈ పనికి అర్హులు. టిర్జెపటైడ్ వంటి మందులు 2025లో మన మార్కెట్‌లోకి వచ్చాక, కత్తి పట్టకుండానే బరువును అదుపు చేసే అవకాశం కొందరికైనా ఏర్పడింది. ఆ మాట ఎత్తకుండా శస్త్రచికిత్స తేదీ ఖరారు చేయడం వైద్యధర్మం కాదు.

వరంగల్ రోగికి ఈ సమస్య ఇంకో రూపంలో ఎదురవుతుంది. కాకతీయ మెడికల్ కళాశాల, ఎంజీఎం ఆస్పత్రి ఉన్న నగరమే అయినా, ఈ తరహా శస్త్రచికిత్సల కోసం ఇక్కడివారు ఎక్కువగా దాదాపు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌నే ఆశ్రయిస్తారు. లీక్ లక్షణాలు చాలాసార్లు రోగి ఇంటికి చేరిన తర్వాతే బయటపడతాయి: నాడి నిమిషానికి 120 దాటడం, జ్వరం, ఊపిరాడకపోవడం, ఎడమ భుజంలోకి పాకే నొప్పి. అర్ధరాత్రి ఆ లక్షణాలతో హనుమకొండలోనో కాజీపేటలోనో కుటుంబం బిక్కచచ్చి నిలబడితే, శస్త్రచికిత్స చేసిన బృందం ఫోన్ ఎత్తుతుందా, ఇక్కడి ఏ ఆస్పత్రితో దానికి ముందస్తు ఒప్పందం ఉంది అన్న ప్రశ్నలకు జవాబు అప్పటికే రాతపూర్వకంగా రోగి చేతిలో ఉండాలి. రోజుల తరబడి వాంతులవుతున్న బైపాస్ రోగికి థయామిన్, అంటే బి1 విటమిన్, ఇవ్వకుండా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉందని అత్యవసర విభాగంలోని వైద్యుడికి తెలియాలంటే, ఏ శస్త్రచికిత్స జరిగిందో చెప్పే కాగితమైనా రోగి వెంట ఉండాలి.

ఆ కాగితం విషయంలోనే చట్టం దారుణంగా వెనుకబడి ఉంది. భారత వైద్య మండలి 2002లో తెచ్చిన వృత్తి ప్రవర్తన నిబంధనల ప్రకారం, ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డులను చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు భద్రపరిస్తే చాలు. రివిజన్ అవసరం అయిదేళ్లకో పదేళ్లకో తలెత్తుతుంది కనుక, మొదటి సర్జన్ కడుపును ఎంత కోశారో, పేగును ఎంత పొడవున మళ్లించారో చెప్పే ఆధారం అప్పటికి మాయమై ఉండవచ్చు. తెలంగాణ అనుసరిస్తున్న 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన నిబంధనలు ఆస్పత్రులు ధరల పట్టికను స్థానిక భాషలోనూ ఇంగ్లిష్‌లోనూ ప్రదర్శించాలని చెబుతాయి, ఫలితాల పట్టిక గురించి మాత్రం ఏమీ చెప్పవు. బీమా నియంత్రణ సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ఊబకాయ శస్త్రచికిత్సకు బీమా వర్తించాలంటే బాడీ మాస్ ఇండెక్స్, అంటే ఎత్తుకు తగిన బరువును తెలిపే సూచీ, 40 ఉండాలని, తీవ్రమైన అనుబంధ వ్యాధులుంటే 35 చాలని నిర్దేశించాయి. రోగి బరువును ఇంత కచ్చితంగా తూచే వ్యవస్థ సర్జన్ ఫలితాలను తూచదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు, ప్రత్యామ్నాయాలూ ముప్పులూ తెలిపి తీసుకున్న అంగీకారమే నిజమైన అంగీకారమని స్పష్టం చేసింది. ముప్పు సర్జన్‌ను బట్టి 14.5 నుంచి 5.2 దాకా మారుతున్నప్పుడు, పుస్తకాల్లోని సగటు చెప్పి సంతకం తీసుకోవడం ఆ తీర్పు స్ఫూర్తికి విరుద్ధం.

లెక్కలు బయటపెడితే సర్జన్లు ప్రమాదకరమైన కేసులను తప్పించుకుంటారన్న అభ్యంతరం ఉంది. అది పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. రోగి వయసు, బరువు, అనుబంధ వ్యాధులను లెక్కలోకి తీసుకుని ఫలితాలను సవరించి ప్రచురించడమే దానికి విరుగుడు, ఆ గణాంక పద్ధతులు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రంలో గుండె బైపాస్ సర్జన్ల వారీ మరణాల లెక్కలు 1991లో ఒక దినపత్రిక న్యాయస్థానంలో గెలవడంతో వెలుగులోకి వచ్చాయి. ఇంగ్లండ్‌లో బేరియాట్రిక్ సర్జన్ల వారీ ఫలితాల ప్రచురణ 2013లో మొదలైంది, స్వీడన్ 2007 నుంచి జాతీయ రిజిస్టర్ నడుపుతోంది. ఇదంతా ధనిక దేశాల సంగతని తోసిపుచ్చడానికీ వీల్లేదు. అవయవ మార్పిడి కోసం నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ రిజిస్టర్‌ను నడుపుతున్నది తెలంగాణ ప్రభుత్వమే. తలచుకుంటే అన్ని ఆస్పత్రులనూ ఒకే లెక్కలోకి తేగలమని అది రుజువు చేసింది.

చేయాల్సిన పనులు నాలుగు. ప్రతి బేరియాట్రిక్ శస్త్రచికిత్సనూ, దాని ఫలితాన్నీ నమోదు చేసే నిర్బంధ రిజిస్టర్‌ను వరంగల్‌లోనే ఉన్న కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అప్పగించాలి. సర్జన్ చేసిన రివిజన్ల సంఖ్యనూ, లీక్‌లనూ, మరణాలనూ అంగీకార పత్రంలోనే ముద్రించాలి. పూర్తి ఆపరేషన్ నోట్స్‌ను డిశ్చార్జి రోజునే రోగికి ఇచ్చి, ఆస్పత్రిలోని ప్రతిని జీవితాంతం భద్రపరచాలి. రోగి సొంత జిల్లాలో అత్యవసర చికిత్సకు రాతపూర్వక ఏర్పాటు లేని ఆస్పత్రికి రివిజన్ చేసే అనుమతి ఇవ్వకూడదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో తేల్చినట్టు తెలంగాణ మహిళల్లో దాదాపు 30 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. మొదటి శస్త్రచికిత్సలు పెరిగేకొద్దీ రివిజన్లూ పెరుగుతాయి, 14.5కూ 5.2కూ మధ్యనున్న తేడాలో నలిగిపోయే కుటుంబాలూ పెరుగుతాయి. జాగ్రత్తగా సర్జన్‌ను ఎంచుకోండని ఆ కుటుంబాలకు ఇకనైనా ఉపదేశాలు ఆపాలి. ఎంచుకోవడానికి కావలసిన సమాచారాన్ని తొక్కిపెట్టి, తర్వాత ఎంపిక తప్పిందని వారినే నిందించడం క్రూరత్వం. ధరల బోర్డు పెట్టించే అధికారం చేతిలో ఉన్న వైద్యారోగ్యశాఖ ఫలితాల బోర్డు పెట్టించలేనని చెబితే, అది రోగులను వదిలి ఆస్పత్రుల పక్షం చేరిందనే ప్రజలు అర్థం చేసుకోవాలి.