పాలీహౌస్ ఎవరి కోసం? మన గాలికి, మన జేబుకు తగ్గ కప్పు అడుగుదాం

పోస్టు జర పొడుగున్నది, ఓపికతోని చదువుండ్రి.

యాసంగి కోతలు అయినంక మళ్లా అదే ముచ్చట నడుస్తున్నది. "పాలీహౌస్ వేస్తే ఎండాకాలం కూడా పంటే, సబ్సిడీ ఉంది, లోను ఇప్పిస్తం" అని కంపెనీ మనుషులు తిరుగుతున్నరు. పట్టా పాసుబుక్కు బ్యాంకుల పెట్టే ముందు మూడు సంగతులు ఆలోచించుండ్రి.

మొదటిది ఎండ. హాలెండ్ లాంటి చలి దేశాల ఈ పద్ధతి బాగా పెరిగింది. అక్కడ కప్పు పని వేడిని లోపల ఆపుడు. మన జగిత్యాల జిల్లాల మే నెలల 44, 45 డిగ్రీలు కొడుతది. మనకు శత్రువే వేడి. పక్క కర్టెన్లు, పైన గాలి పోయే సందు సరిగ్గ లేకుంటే లోపల బయటికన్న ఎక్కువ ఉడుకుతది. 35 డిగ్రీలు దాటితే క్యాప్సికం పూత రాలుతది. ఫాగర్లు పెట్టాలంటే కరెంటు పోవద్దు, నీళ్లల్ల ఉప్పు ఉండొద్దు. మన బోర్ల కాడ ఆ రెండూ నమ్మకమేనా?

రెండోది గాలి. ఏప్రిల్, మే నెలల్ల గాలిదుమారం, రాళ్లవాన మనకు కొత్త గాదు. 200 మైక్రాన్ల షీటు ఒక్క మూల చిరిగితే చాలు, గాలి లోపలికి జొచ్చి మొత్తం పైకి లేపుతది. ఏ గాలీ రాకున్నా ఎండకు మూడు నాలుగేండ్లల్ల షీటు పెళుసైతది, మార్చాలె. ఎస్టిమేటు తెచ్చినోడు ఆ ఖర్చు గురించి నోరు తెరవడు.

మూడోది పైసలు. 2014-15 నుంచి మన రాష్ట్రంల పాలీహౌస్‌కు 75 శాతం సబ్సిడీ ఇచ్చిండ్రు, ఒక్క రైతుకు మూడెకరాల దాక. ఎస్సీ, ఎస్టీ రైతులకు తర్వాత 95 శాతం అన్నరు. వినటానికి మంచిగనే ఉంది. కానీ ఎకరానికి ఖర్చు ముప్పై లక్షలు దాటింది. 75 శాతం పోను మన వాటా ఏడెనిమిది లక్షలు. విత్తనం, కూలి, మందులు వేరే. రెండెకరాల రైతు ఆ పైసలు ఎక్కడ తెస్తడు? పేరు చిన్న రైతుది, లాభం పెట్టుబడి ఉన్నోడిది. పైగా అదే మట్టిల అదే పంట మళ్లా మళ్లా వేస్తే వేర్లకు నులిపురుగులు పడ్తయి. నెట్టు గట్టిగ మూస్తే తేనెటీగ రాదు. బీర, కాకర కాయాలంటే చేతితోని పుప్పొడి అంటియ్యాలె.

అట్లని కప్పు కింద సాగే వద్దని నేను అంటలేను. మనకు తగ్గది కావాలె అంటున్న. పది గుంటలల్ల కర్రలు పాతి 50 శాతం షేడ్‌నెట్ కట్టుకుంటే ఎండాకాలం ఆకుకూరలు, కొత్తిమీర నిలబడ్తయి. దుమారం వస్తదనంగ తాడు ఇప్పి నెట్టు చుట్టి పెట్టుకోవచ్చు. పాలీహౌస్‌ను చుట్టి పెట్టలేం గదా! నారు మాత్రం సన్న నెట్టు కింద ట్రేలల్ల పెంచుండ్రి. పడమర, వాయవ్యం దిక్కు నెల ముందుగాల్నే మూడు నాలుగు సాళ్లు జొన్న గానీ, గట్ల మీద అవిసె గానీ పెట్టుండ్రి. చెట్టు ఎత్తుకు పదింతల దూరం దాక గాలి జోరు తగ్గుతది. అడ్డం గోడ లెక్క ఉండొద్దు. సందులుంటేనే గాలి మెత్తవడ్తది, గోడకు తగిలితే సుడి తిరిగి అవతల పంటను పడగొడ్తది.

ఇది చిన్న ముచ్చట అనుకోకుండ్రి. మన రాష్ట్రంల మొదలైన ఖేతి అనే సంస్థ చిన్న రైతుల కోసం రెండున్నర గుంటల నెట్‌హౌస్ తయారుచేసి, 2022ల ఎర్త్‌షాట్ ప్రైజ్ తెచ్చుకుంది. చిన్న కప్పుకు విలువ ఉందని లోకం ఒప్పుకుంది. మన ఆఫీసులే ఇంకా ఎకరాలల్ల లెక్కలేస్తున్నయి.

అందుకే రైతువేదిక మీటింగుల ఊకె కూసోకుండ, ఏఈఓ సార్‌ను ఈ మూడు అడుగుండ్రి. పది గుంటల లోపు షేడ్‌నెట్‌కు, పందిరికి ముందుగాల సబ్సిడీ ఇయ్యాలె. గాలికి చిరిగిన షీటుకు, నెట్టుకు బీమా ఉండాలె. మూడెకరాల పాలీహౌస్‌కు పోయే పైసలతోని ఎంతమంది చిన్న రైతులకు నెట్లు వస్తయో లెక్క చెప్పాలె.

పాలీహౌస్ వేసి నాలుగేండ్లు దాటినోళ్లు ఉంటే మీ లెక్క కామెంట్ల పెట్టుండ్రి, లాభమైనా నష్టమైనా. నా మాట తప్పైతే అక్కడనే తేలుతది. సంతకం పెట్టే ముందు ఇంకొక రైతు అది చదవాలె.