శాలువా కప్పే చేతులే బాసట కావాలి

సెప్టెంబరు 5న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గురుపూజోత్సవ సభలు జరుగుతాయి. జిల్లా కేంద్రంలో కలెక్టరు, మండలంలో ఎంఈవో, ఊళ్ళో పాఠశాల యాజమాన్య కమిటీ పెద్దలు ఉత్తమ ఉపాధ్యాయులకు శాలువా కప్పి, దండ వేసి, జ్ఞాపిక అందిస్తారు. జరగవలసిన పనే. సర్వేపల్లి రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి దేశం ఆయన పుట్టినరోజును ఉపాధ్యాయుల పేరిట జరుపుకుంటోంది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా పనిచేసిన మనిషి కనుక ఆ పండుగలో మన వాటా కొంచెం ఎక్కువే. అయితే సభ ముగిసి షామియానా విప్పేశాక, సన్మానం పొందిన ఆ మాస్టారే మర్నాడు మధ్యాహ్నం తొమ్మిదో తరగతి గదిలోకి అడుగుపెడతారు. అక్కడ ఆయనకు ఎదురయ్యేదాని గురించి ఆ వేదిక మీద ఎవరూ ఒక్క మాటైనా మాట్లాడరు.

ఉపాధ్యాయుడిని గౌరవించడం ఒక పని, తరగతిలో పిల్లల ప్రవర్తనను చక్కదిద్దడం వేరే పని అనుకుంటున్నాం. రెండూ ఒకటే. ఆ బాధ్యత ఊరిదీ, ఊరి తరఫున కూర్చునే పాఠశాల కమిటీదీ అని ఈ సందర్భంలో గట్టిగా చెప్పదలచాం.

ఏ జడ్పీ ఉన్నత పాఠశాల స్టాఫ్ రూములో అరగంట కూర్చున్నా వినబడే సంగతులు దాదాపు ఒకటే. పాఠం మధ్యలో లేచి వెళ్ళిపోయే కుర్రాడు, పుస్తకాల సంచిలో ఫోను, చిన్న తరగతుల పిల్లల దగ్గర డబ్బులు గుంజుకునే పెద్ద తరగతి వాళ్ళు, మరుగుదొడ్ల వెనక ఖైనీ ప్యాకెట్లు, ఆడపిల్లల నోటుపుస్తకాల మీద పిచ్చి రాతలు, కులం పేరు పెట్టి ఎగతాళి. ఫోను తప్ప వీటిలో ఏదీ కొత్తది కాదు. కొత్తగా వచ్చింది మాస్టారి భయం. మందలిస్తే వీడియో తీసి వాట్సాప్‌లో పెడతారేమో, ఇంటికి కబురు చేస్తే తండ్రి గొడవకు వస్తాడేమో, పిల్లవాడు మనసు కష్టపెట్టుకుని ఏ అఘాయిత్యమైనా చేసుకుంటాడేమో. ఈ మూడో భయం మిగతా రెండింటికన్నా బరువైనది. ‘మనకెందుకొచ్చిన గొడవ, సిలబస్ పూర్తి చేస్తే చాలు’ అన్న మాట అక్కడే పుట్టింది. బోధనను ప్రేమించి ఈ వృత్తిలోకి వచ్చినవాళ్ళ నోట ఆ మాట వినడం బాధగా ఉంటుంది.

2025 మార్చిలో విజయనగరం జిల్లాలో ఒక జడ్పీ ఉన్నత పాఠశాలలో జరిగింది గుర్తు చేసుకుందాం. పిల్లల చదువూ నడవడికా మెరుగుపడటం లేదని, వాళ్ళను కొట్టలేం, తిట్టలేం అని చెబుతూ ప్రధానోపాధ్యాయుడు ఉదయం ప్రార్థన వేళ పిల్లల ముందు సాష్టాంగపడ్డారు. లేచి, తానే గుంజీలు తీశారు. పిల్లలు ‘వద్దు సార్’ అన్నారు. ఆ వీడియో రాష్ట్రమంతా చూసింది, విద్యాశాఖ మంత్రి కూడా ఆయనను మెచ్చుకున్నారు. ఆ మాస్టారి నిజాయితీకి మేమూ నమస్కరిస్తాం. కానీ ఒక ప్రధానోపాధ్యాయుడు తన కష్టం చెప్పుకోవడానికి పిల్లల ఎదుట నేలమీద పడవలసి వచ్చిందంటే, ఆ మాట చెప్పుకునే చోటు మన బడి వ్యవస్థలో లేదన్నమాట. మెచ్చుకుని వదిలేయవలసిన విషయం కాదది.

ఇలాంటివి బయటికి వచ్చినప్పుడల్లా ‘బెత్తం తీసేశారు, భయం పోయింది’ అనేవాళ్ళు చాలామందే ఉంటారు. వాళ్ళలో తల్లిదండ్రులూ ఉంటారు. ‘రెండు తగిలించండి మాస్టారూ, మేమేం అనుకోం’ అని బడిదాకా వచ్చి చెప్పి వెళ్ళే తండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటతో మేం ఏకీభవించం. బెత్తం రాజ్యమేలిన రోజులు ఎలా ఉండేవో మనకు తెలియనిది కాదు. వీధిబడుల కాలంలో కోదండం వేసేవారు: దూలానికి కట్టిన తాడు పట్టుకుని పిల్లవాడు గాలిలో వేలాడుతుంటే కింద బెత్తం ఆడేది. తొడపాశం, గోడకుర్చీ, మండుటెండలో మోకాళ్ళమీద నిలబెట్టడం మన తాతల జ్ఞాపకాల్లోనే కాదు, నడివయసు వాళ్ళ జ్ఞాపకాల్లోనూ ఉన్నాయి. ఆ దెబ్బలకు భయపడి బడి మానేసి పశువుల వెంట పోయిన పిల్లల లెక్క ఏ రిజిస్టరులోనూ లేదు. క్రమశిక్షణ ఉండేదని మనం చెప్పుకునేది, ఆ దెబ్బలు తట్టుకుని మిగిలిన వాళ్ళను చూసి.

బడుల తనిఖీ అధికారిగా ఎన్నో తరగతి గదులు చూసిన చలం ‘బిడ్డల శిక్షణ’ రాశారు, పిల్లలను కొట్టి పెంచడం తప్పని ఆ రోజుల్లోనే వాదించారు. గుజరాత్‌లో గిజుభాయి బధేకా 1932లో ‘దివాస్వప్న’ రాశారు. తెలుగులో ‘పగటి కల’గా వచ్చిన ఆ చిన్న పుస్తకం ప్రతి స్టాఫ్ రూములో ఉండదగినది. అందులో ప్రయోగం చేయడానికి నాలుగో తరగతి తీసుకున్న మాస్టారికి మొదటి రోజే ఎదురుదెబ్బ తగులుతుంది. పిల్లలతో మౌనంగా కూర్చునే ఆట ఆడించబోతే గది గోలగోలైపోతుంది. ఆయన కొట్టడు. ఆ పూటకు సెలవిచ్చి పంపేసి, ఇంటికెళ్ళి ఆలోచించుకుని, మర్నాడు కథతో మొదలుపెడతాడు. కథ సగంలో ఆపితే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే నిశ్శబ్దంగా కూర్చుంటారు. బెత్తం లేకుండా తరగతిని నడపడం కుదురుతుంది, కానీ దానికి నేర్పు కావాలి, ఓడిపోయిన పూట మళ్ళీ ఆలోచించుకునే తీరిక కావాలి. ఆ రెండూ మన ఉపాధ్యాయులకు మనం ఇవ్వలేదు.

చట్టం తన పని తాను చేసింది. బడుల్లో శారీరక దండన రాజ్యాంగ విరుద్ధమని ఢిల్లీ హైకోర్టు 2000 డిసెంబరులో చెప్పింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే దాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. కోర్టు తీర్పు, రాష్ట్ర నిషేధం వచ్చాక కూడా 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వెలువరించిన అధ్యయనంలో బడికెళ్ళే ప్రతి ముగ్గురు పిల్లల్లో దాదాపు ఇద్దరు దెబ్బలు తిన్నామని చెప్పారు. ఆ అధ్యయనం జరిగిన 13 రాష్ట్రాల్లో మనదీ ఒకటి. బెత్తం వద్దన్నవాళ్ళు దాని స్థానంలో ఏం చేయాలో మాత్రం ఎవరికీ నేర్పలేదు. డీఎస్సీకి చదివే అభ్యర్థి పియాజే, వైగాట్‌స్కీ, కోల్‌బర్గ్ దశలన్నీ కంఠతా పడతాడు. నలభై మంది మాట వినని మధ్యాహ్నం ఏం చేయాలో ఆ బిట్లలో ఎక్కడా రాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో 16,347 పోస్టులకు మెగా డీఎస్సీ జరిగింది. అలా వచ్చిన వేలమంది యువ ఉపాధ్యాయులకు ఈ విద్య నేర్పే సీనియర్ ఎవరు? పైగా 2024-25 యూడైస్ లెక్కల్లో దేశంలోని ఏకోపాధ్యాయ పాఠశాలలు లక్ష దాటాయి, వాటిలో అన్నిటికన్నా ఎక్కువ, 12 వేలకు పైగా, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. అలాంటి బడిలో టీచరమ్మకు పక్కగది కూడా లేదు, అడిగి తెలుసుకోవడానికి.

అందుకే కమిటీ మాట ఎత్తుతున్నాం. స్థానికులు కూర్చుని బడిని చూసుకునే ఏర్పాటు మనకు కొత్త కాదు. 1884 చట్టంతో మద్రాసు రాజధానిలో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడ్డాక కోస్తా, రాయలసీమ జిల్లాల్లో ఎన్నో బడులు ఆ బోర్డుల కిందే నడిచాయి. మన పెద్దవాళ్ళు ఇప్పటికీ ‘బోర్డు స్కూల్లో చదివాం’ అంటారు. 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాక ఆ ఉన్నత పాఠశాలలే జడ్పీ హైస్కూళ్ళయ్యాయి. 1998లో ఉమ్మడి రాష్ట్రం ప్రత్యేకంగా చట్టం చేసి తల్లిదండ్రులు ఎన్నుకునే విద్యా కమిటీలు తెచ్చింది. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ దాన్ని దేశమంతటికీ వర్తింపజేసింది: పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు కావాలి. మన దగ్గర తరగతికి ముగ్గురు చొప్పున ఎన్నుకుంటున్నాం. ఎయిడ్ లేని ప్రైవేటు బడులకు మాత్రం ఈ చట్టం కమిటీ అక్కర్లేదంది. అక్కడ చదివే లక్షలాది పిల్లల తల్లిదండ్రులకు అడిగే వేదికే లేకుండా పోయింది. అది సవరించవలసిన లోపం.

ఇంత చరిత్ర ఉన్న కమిటీ సమావేశం ఇవాళ ఎలా జరుగుతోంది? హెచ్ఎం గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, మిగతావాళ్ళకు పిల్లల బెంచీలు. పొలం పని వదులుకుని వచ్చిన తల్లులు గుమ్మం దగ్గరే కూర్చుంటారు. మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల నిర్వహణ, వచ్చిన గ్రాంటు, పోయిన మోటారు. హెచ్ఎం చదువుతుంటే తలలూపుతారు. తీర్మానాల పుస్తకం ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి వెళుతుంది. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. టీ వస్తుంది. వెళ్ళబోతూ చెప్పులేసుకునేటప్పుడు ఒక తల్లి నెమ్మదిగా టీచరమ్మను పక్కకు పిలిచి, ‘మావాడు ఈమధ్య ఇంట్లో కూడా ఎవరి మాటా వినట్లేదమ్మా’ అంటుంది. సమావేశంలో చర్చించవలసిన అసలు విషయం గుమ్మం బయట, చెప్పుల దగ్గర బయటపడుతోంది. అది ఎజెండాలోకి రావాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 డిసెంబరు 7న, మళ్ళీ 2025 జులై 10న ఒకే రోజున అన్ని ప్రభుత్వ బడుల్లోనూ తల్లిదండ్రుల మెగా సమావేశాలు పెట్టారు. తెలంగాణలో 2024లో మహిళా సంఘాల సభ్యులతో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఏర్పాటు చేసి మరమ్మతుల బాధ్యత అప్పగించారు. రెండూ మంచి అడుగులే. సంఘాల మహిళల మీద మాకు ప్రత్యేకమైన నమ్మకం ఉంది. వాయిదా కట్టని సభ్యురాలి ఇంటికి నలుగురూ కలిసి వెళ్ళి, ఇంట్లో ఏం జరుగుతోందో కనుక్కుని, తిట్టకుండా కొట్టకుండా దారిలో పెట్టే పని ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళు వాళ్ళు. బడికి కావలసిన నేర్పు అదే. గోడలకు సున్నం వేయించడానికి పిలిచినవాళ్ళను ఈ పనికీ పిలవాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు పోలేం. కమిటీ ఊరి పంచాయితీ కాకూడదు. పిల్లవాడిని నలుగురిలో నిలబెట్టి విచారణ చేస్తే అది బెత్తం కన్నా లోతుగా తగులుతుంది. పిల్లల పేర్లు తీర్మానాల పుస్తకంలో ఎక్కకూడదు. పేదింటి పిల్లలనూ, ఎస్సీ ఎస్టీ పిల్లలనూ ముందుగా అనుమానించే అలవాటు మన ఊళ్ళకు ఉంది, దాన్ని కమిటీలోకి రానివ్వకూడదు. ఇంకో మాట. ఉపాధ్యాయుడు తప్పు చేసినప్పుడు, పిల్లను కొట్టినప్పుడు, అసభ్యంగా ప్రవర్తించినప్పుడు బాసట పేరుతో కప్పిపుచ్చే కమిటీ ద్రోహం చేసినట్టే. అక్కడ ఫోను చేయవలసింది 1098కి, రాజీకి కాదు.

మరి కమిటీ చేయగలిగింది ఏమిటి? బడిలో ఎలా మెలగాలో పిల్లలతో కూర్చుని, వాళ్ళ మాటల్లోనే రాయించి, ప్రతి తరగతిలో అంటించవచ్చు. మాట వినని పిల్లవాడి ఇంటికి మాస్టారిని ఒంటరిగా పంపకుండా ఒక సభ్యురాలు వెంట వెళ్ళవచ్చు. సగం సందర్భాల్లో ఆ ఇంట్లో తాగుడో, అప్పో, వలసో కనబడుతుంది. ఫోను విషయంలో ఊరంతా ఒకే మాట మీద ఉండవచ్చు. మండలానికి ఒక్క శిక్షణ పొందిన కౌన్సెలర్ అయినా కావాలని తీర్మానం చేసి పైకి పంపవచ్చు. అన్నిటికీ మించి, ఒక మాస్టారు న్యాయంగా మందలించినందుకు ఎవరైనా మీదికి వస్తే, ‘ఇది మేమంతా కలిసి పెట్టుకున్న పద్ధతి’ అని ముందుకొచ్చి నిలబడవచ్చు. ఆ ఒక్క మాటతో స్టాఫ్ రూములో సగం భయం పోతుంది.

ఇక సన్మానాల సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు రాజధానిలో ఇనస్పెక్టరు వచ్చి పిల్లలను పరీక్షించి, పాసైనవాళ్ళ లెక్కన బడికి గ్రాంటు ఇచ్చే పద్ధతి ఉండేది. ఆ పద్ధతి పోయినా ఆ చూపు పోలేదు. పదో తరగతిలో నూరు శాతం ఫలితాలు తెచ్చిన బడికే ఇప్పటికీ దండ. జాతీయ అవార్డుకు 2018 నుంచి ఉపాధ్యాయుడే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సిఫారసులకు అది కొంత అడ్డుకట్ట వేసింది, మంచిదే. అయితే తన గొప్ప తాను రాసుకోలేని మంచి ఉపాధ్యాయులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. బడి మానేయబోయిన కుర్రాడిని ఏడాదంతా వదలకుండా పట్టుకుని పదో తరగతి గట్టెక్కించిన లెక్కల మాస్టారు, మార్కులతో సంబంధం లేకుండా ప్రతి పిల్లనూ పేరుపెట్టి పిలిచే తెలుగు పండితుడు, ఎవరితోనూ మాట్లాడకుండా కుళాయి దగ్గర ఒంటరిగా నిలబడ్డ ఆడపిల్లను ముందుగా గమనించిన ఆయా, ఆకలితో వచ్చిన పిల్లవాడికి గంట కొట్టకముందే ఒక గరిటె పెట్టే వంటమనిషి. వీళ్ళ గురించి రాష్ట్ర రాజధానికి తెలియదు, ఊరికి తెలుసు. కనుక వీళ్ళను ఎంచవలసింది ఊరే.

ఈ సెప్టెంబరులో జరిగే పాఠశాల కమిటీ సమావేశం ఎజెండాలో రెండు అంశాలు రాయించండని ప్రతి కమిటీ అధ్యక్షురాలినీ, అధ్యక్షుడినీ, ప్రతి ప్రధానోపాధ్యాయుడినీ కోరుతున్నాం. ఒకటి, మన బడిలో ఈ ఏడాది ఎవరిని, ఎందుకు సన్మానించాలి. రెండు, మన పిల్లల ప్రవర్తన విషయంలో ఉపాధ్యాయులకు మనం ఏం సాయం చేయాలి. రెండో అంశం మీద ముందుగా ఉపాధ్యాయులను మాట్లాడనివ్వండి, వాళ్ళు చెప్పేది పూర్తిగా వినండి, ఆ తర్వాతే టీ తెప్పించండి.